ట్యాగ్ కూడా తీయని ఆ డ్రెస్ ఎప్పుడు వేసుకుంటారు?

నా బీరువాలో ఒక ఆకుపచ్చ డ్రెస్ మూడేళ్ళు అలాగే ఉండిపోయింది. కొన్నప్పుడు ఛాతీ దగ్గర కాస్త పట్టేసింది, "ఓ నాలుగు కిలోలు తగ్గాక వేసుకుందాంలే" అనుకుని హ్యాంగర్‌కి తగిలించాను, ఆ తర్వాత తగ్గలేదు, కొంచెం తగ్గినప్పుడు సందర్భం లేదు, సందర్భం వచ్చినప్పుడేమో "దీనికి అంత మంచిది ఎందుకు" అనిపించింది. మూడో ఏడు తీసి చూస్తే నడుం దగ్గర ఎలాస్టిక్ చచ్చిపోయి ఉంది. లాగితే కరకరమని సాగి అలాగే ఉండిపోయింది. ఒక్కసారైనా ఒంటి మీదికి రాకుండానే పాతదైపోయింది పాపం.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఇది ఒక్క డ్రెస్ గొడవ కాదని తెలిసింది. పువ్వులంటే ఎవరో తెచ్చి ఇవ్వాలి. మంచి బట్టలంటే ఏదో ఫంక్షన్ ఉండాలి. ఊరికే బయట తిరిగి రావాలంటే ముందు పనులన్నీ అయిపోవాలి. నా సంతోషానికి ఇంకెవరో వచ్చి సంతకం పెట్టాలన్నట్టు బతికేస్తున్నాను. ఆ సంతకం కోసం ఎదురుచూడటం ఎలా మానుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. "నిన్ను నువ్వు ప్రేమించుకో" అనే సలహా వింటే నాకు చిరాకు, ఎందుకంటే అది ఎలాగో ఎవరూ చెప్పరు. కుట్టు విప్పించండి, కాడ ఏటవాలుగా కోయండి, అరగంట వెలుగులో నడవండి అంటే మాత్రం చేయొచ్చు. కాబట్టి అవే చెప్తాను.

ముందు బీరువా

ఒక పూట ఖాళీ చేసుకుని, "దాచిపెట్టినవి" మాత్రమే బయటికి తీయండి. మొత్తం బీరువా సర్దే కార్యక్రమం పెట్టుకోవద్దు, అది మధ్యాహ్నానికే నీరసంగా ముగుస్తుంది, మంచం మీద గుట్ట మిగులుతుంది. ట్యాగ్ ఉన్నవి, ఒక్కసారి వేసి మడిచినవి, "తర్వాత" అనుకున్నవి, అవి చాలు.

దాచితే బట్ట భద్రంగా ఉంటుందని అనుకుంటాం కానీ ఉండదు. ఎలాస్టిక్‌లో రబ్బరు ఉంటుంది, అది వాడినా వాడకపోయినా గాలి తగిలి పెళుసుబారుతుంది. పట్టు ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ మడత దగ్గరే చీలుతుంది. ఒకసారి వేసుకుని ఉతక్కుండా పెట్టేసినవి ఇంకా ఘోరం, చెమట మరకలు అప్పుడు కనపడవు, నెలలు గడిచాక పసుపుపచ్చగా బయటపడతాయి. మీరు వేసుకోకపోయినా డ్రెస్ మాత్రం తన వయసు తాను గడిపేస్తుంది.

తీసినవన్నీ పగటి వెలుగులో, కిటికీ దగ్గర వేసుకుని చూడండి. ట్రయల్ రూమ్ లైటు కింద, రాత్రి బల్బు కింద రంగు మారిపోతుంది, ముఖం పాలిపోయినట్టు కనిపిస్తుంది, అనవసరంగా డ్రెస్ మీదా మన మీదా కోపం వస్తుంది. వేసుకున్నాక అద్దం ముందు కడుపు లోపలికి లాక్కుని నిలబడకండి. కుర్చీలో కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి, కింద పడిన పెన్ను తీస్తున్నట్టు వంగండి, పెద్ద అంగలు పది వేయండి. ఈ నాలుగింట్లో ఎక్కడ బిగిస్తే అక్కడే దాని జబ్బు. నిలబడినప్పుడు మాత్రమే బాగుండే డ్రెస్‌ని రోజంతా ఎవరూ వేసుకోలేరు.

ఇక్కడే అసలు మాట. బిగుతుగా ఉంటే డ్రెస్ మార్చాలి, మనం మారాలని కాదు. చెప్పినంత తేలిక కాదని తెలుసు, ఎందుకంటే సైజు అంకె చూడగానే మనసులో ఏదో కుంచించుకుపోతుంది. కానీ ఆ అంకె ఏమిటో చూడండి, ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్‌తో సమానం, అందరూ పాటించే ఒకే కొలత అంటూ లేదు. అందుకని అంకె వదిలేయండి. మీకు బాగా సరిపోయే పాత డ్రెస్ ఒకటి నేల మీద పరిచి, చంక కింద ఈ చివర నుంచి ఆ చివరకి, నడుం దగ్గర, భుజం నుంచి భుజానికి, పొడవు, ఈ నాలుగు కొలతలూ టేపుతో తీసి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఇకపై కొనేటప్పుడు వీటితోనే పోల్చండి. నేను ఈ పని చేశాక ఆన్‌లైన్‌లో కొని వెనక్కి పంపడం చాలా తగ్గిపోయింది.

బిగుతుగా ఉన్నదాన్ని తిరగేసి పక్క కుట్టు చూడండి. కుట్టు అవతల మడిచి వదిలిన గుడ్డ ఉంటే, ఉన్నంత మేర లూజ్ చేయించుకోవచ్చు. ఒక్కో వైపు ఒక సెంటీమీటరు దొరికిందనుకోండి, అది ముందు భాగంలోనూ వెనక భాగంలోనూ ఉంటుంది కాబట్టి రెండు పక్కలా కలిపి చుట్టుకొలతలో నాలుగు సెంటీమీటర్లు వస్తుంది, చాలా డ్రెస్సులకి అదే చాలు. గుడ్డ లేకపోతే పక్కన వేరే రంగు పట్టీ వేయించండి, కావాలని వేయించినట్టే ఉంటుంది. వదులైతే ఇంకా సులువు. భుజాలు మాత్రం తేడా వస్తే జాగ్రత్త, భుజం సరిచేయాలంటే చెయ్యి మొత్తం విప్పి మళ్ళీ కుట్టాలి, అంత కష్టం ఆ డ్రెస్‌కి తగునో లేదో చూసుకోండి. ఇంకొకటి, ఆల్టరేషన్‌కి ఇచ్చే ముందు ఒకసారి ఉతికి ఇవ్వండి. కాటన్ మొదటి ఉతుకుకి కుంచించుకుపోతుంది, సరిచేయించాక ఉతికితే మళ్ళీ మొదటికే వస్తాం.

ఎండలు మొదలయ్యే రోజులకి బట్ట గురించి రెండు మాటలు. కాటన్, లినెన్ చెమట పీలుస్తాయి. పాలిస్టర్ పెద్దగా పీల్చదు, అందుకే పైకి ఎంత పలుచగా ఉన్నా లోపల ఉడికిపోతాం. రేయాన్ చల్లగా, జారుతూ హాయిగా ఉంటుంది కానీ తడిస్తే బలహీనపడుతుంది, కాబట్టి గట్టిగా పిండకండి. లినెన్ ముడతలు పడుతుంది, పడనివ్వండి. లేత రంగు డ్రెస్ లోపల తెల్ల స్లిప్ వేస్తే కనపడదనుకుంటాం, అదే ఎక్కువ కనిపిస్తుంది. మీ ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నది వేయండి.

లావుగా ఉంటే అడ్డగీతలు వద్దు, పొట్టిగా ఉంటే పెద్ద పువ్వుల ప్రింట్ వద్దు, ఇన్నేళ్ళు దాటితే గులాబీ రంగు వద్దు, ఈ చిట్టా అంతా నేను ఏనాడో వదిలేశాను. ప్రింట్ చూడగానే ముఖం వెలిగిందా లేదా, అంతే. మగవాళ్ళకి కూడా ఇదే చెప్తాను, పువ్వుల చొక్కా మీద మనసు పడి బూడిద రంగుది కొనుక్కుని వచ్చేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

మంగళవారం వేసుకోండి

సరిచేయించిన డ్రెస్‌ని పండగకి కాకుండా ఏ విశేషమూ లేని రోజు వేసుకోండి. నేను మంగళవారం అంటాను, ఎందుకంటే మంగళవారానికి ఎవరూ ఏమీ ఆశించరు. మొదటిసారి రెండు గంటలు చాలు. కాసేపు బయటికి వెళ్ళి ఏదో చిన్న పని చూసుకుని రండి. అలవాటయ్యే దాకా ఒంటి మీద ఏదో అంటించినట్టు ఉంటుంది, అది మామూలే.

అందరూ నన్నే చూస్తున్నారన్న భయం గురించి. 2000లో అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక సరదా ప్రయోగం ప్రచురించారు. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్ట్ ఒకటి విద్యార్థులకి తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపించారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. నిజానికి గమనించింది సుమారు నాలుగో వంతు. అంటే మనం ఊహించుకునే ప్రేక్షకుల్లో సగం మంది రానేలేదు! ఎవరి టెన్షన్‌లో వాళ్ళుంటారు. ఇది గుర్తుకు తెచ్చుకున్నప్పుడల్లా నాకు కాస్త ఊపిరాడుతుంది.

బట్టలు వేసుకుంటే మన ఆలోచనే మారిపోతుందని కూడా చెప్తుంటారు. 2012లో హాజో ఆడమ్, ఆడమ్ గాలిన్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు, డాక్టరు కోటు అని చెప్పి తెల్ల కోటు తొడిగితే శ్రద్ధ పెరిగిందని, అదే కోటుని పెయింటర్‌ది అని చెబితే అలా లేదని రాశారు. తర్వాత వేరేవాళ్ళు, ఆ ఇద్దరూ కోటుతో చేసిన ప్రయోగాల్లో మొదటిదాన్ని మళ్ళీ చేస్తే అదే ఫలితం రాలేదు. అందుకని డ్రెస్ వేసుకోగానే ధైర్యం పుట్టుకొస్తుందని నేను మాట ఇవ్వను. నాకు జరిగింది వేరు. నా కోసం నేను దర్జీ దగ్గరికి రెండుసార్లు తిరిగాను, ఓపిగ్గా ఇస్త్రీ చేసుకున్నాను. ఇంకొకరి కోసమైతే ఎన్నోసార్లు చేశాను ఈ పని. నా కోసం చేయడం అదే మొదలు. ఆ తిరగడంలోనే ఏదో ఉంది.

ఇక ఎవరైనా మెచ్చుకుంటే ఏం చేయాలి? "చాలా బాగుంది" అంటే మన నోటి నుంచి ఠక్కున వచ్చేది "అయ్యో, ఇది పాతదే", లేకపోతే "సేల్‌లో కొన్నా". మెచ్చుకున్నవాళ్ళ చేతిలోంచి ఆ మాట లాక్కుని కింద పడేసినట్టుంటుంది. "థాంక్స్, నాకూ నచ్చింది" అని ఆపేయండి. ఆపడమే కష్టం, నాలుక దురద పెడుతుంది, ఓ వారం ప్రాక్టీసు కావాలి. ఎవరూ మెచ్చుకోకపోయినా లెక్క అంతే. మెప్పు వస్తేనే విలువ ఉందనుకుంటే ఎవరూ ఏమీ అనని రోజు సాయంత్రానికి చతికిలపడతాం. అందుకే వేసుకున్న మొదటి గంటలో ఫోటో తీసుకోవద్దని నా నియమం. ఫోటో తీయగానే మనల్ని మనం బయటివాళ్ళ కళ్ళతో చూడటం మొదలవుతుంది, చెయ్యి లావుగా పడిందా, గడ్డం ఎలా ఉంది అని. ముందు ఆ గంట బట్ట ఒంటికి ఎలా తగులుతోందో చూడండి. జేబులుంటే చేతులు పెట్టుకుని నడవండి, అదో సుఖం.

పువ్వుల పని

గుత్తి అక్కర్లేదు. ఒక్క గులాబీ, లేదా రెండు మూడు చామంతి కొమ్మలు చాలు. గాజు గ్లాసు ఉంటే వేజ్ అక్కర్లేదు. ఎక్కడ పెట్టాలంటే, వచ్చినవాళ్ళకి కనిపించే చోట కాదు, మీరు ఎక్కువసేపు ఉండే చోట. నా పువ్వు గిన్నెలు కడిగే సింకు పక్కన ఉంటుంది, ఎందుకంటే అక్కడే నాకు మూడ్ పాడవుతుంది.

తెచ్చిన పువ్వు రెండు రోజులకే తల వాల్చేస్తే అంతా వృథా అనిపిస్తుంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్తాను. కాడ కోసిన క్షణం నుంచి దాని లోపలి సన్నటి గొట్టాల్లోకి గాలి వెళ్తుంది, ఆ గాలి బుడగ అడ్డం పడి నీళ్ళు పైకి ఎక్కవు. అందుకని ఇంటికి రాగానే పదునైన కత్తెరతో చివర రెండు సెంటీమీటర్లు ఏటవాలుగా కోసి వెంటనే నీళ్ళలో పెట్టాలి. ఏటవాలు ఎందుకంటే కాడ చివర గ్లాసు అడుగుకి అతుక్కుపోకుండా నీళ్ళు అందుతాయి. నీళ్ళలో మునిగే ఆకులన్నీ తీసేయండి, అవి కుళ్ళితే బాక్టీరియా పెరిగి అదే గొట్టాల్ని పూడ్చేస్తుంది. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చి, గ్లాసు తోమి, కాడ మళ్ళీ కొంచెం కోయండి. పంచదార వేస్తే మంచిదని కొందరు వేస్తారు, ఒట్టి పంచదార వేస్తే పువ్వు కంటే ముందు బాక్టీరియా తింటుంది. మీ మొక్కకే కోస్తుంటే పొద్దున్నే కోయండి, అప్పుడు కాడ నిండా నీళ్ళుంటాయి.

పండ్ల గిన్నె పక్కన పువ్వులు పెట్టొద్దు. పండుతున్న పండ్ల నుంచి ఇథిలిన్ వాయువు వస్తుంది, దానికి చాలా పువ్వులు తొందరగా వాడిపోతాయి. ఫ్యాన్ గాలి, ఎర్రటి ఎండ కూడా పడవు. డాఫోడిల్ కాడ నుంచి కారే జిగురు పక్క పువ్వుల్ని పాడుచేస్తుంది, కొన్ని గంటలైనా దాన్ని విడిగా వేరే నీళ్ళలో ఉంచండి. తులిప్ మాత్రం భలే తమాషా, కోశాక కూడా పెరుగుతూనే ఉంటుంది, వెలుగు వైపు మెడ తిప్పుతుంది, పొద్దున నిటారుగా పెట్టింది సాయంత్రానికి కిటికీలోకి తొంగి చూస్తుంటుంది. ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీలు అసలు తేవద్దు, వాటి పుప్పొడి నాకినా పిల్లికి కిడ్నీలు పోతాయి.

గులాబీ విచ్చుకోకుండానే మెడ వాల్చేసిందా? పారేయకండి. కాడ చివర నీళ్ళలో ముంచి ఉంచి, నీటి లోపలే కోసి, పువ్వు మొత్తాన్ని గోరువెచ్చని నీళ్ళలో అరగంట, గంట పడుకోబెట్టండి. చాలాసార్లు లేచి నిలబడుతుంది.

వాసన సంగతి ఒకటి. మల్లె వాసన పది నిమిషాల్లో "పోయింది" అనిపిస్తుంది, పోలేదు, ముక్కు దానికి అలవాటు పడిపోయింది. గది బయటికి వెళ్ళి కాసేపాగి తిరిగి రండి, గుమ్మంలోనే ఎదురొస్తుంది. నేను రోజుకి రెండుమూడుసార్లు కావాలనే ఇలా బయటికెళ్ళి వస్తాను. ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటున్నారో నేను అడగలేదు.

కొనడం కంటే కూడా నాకు ఎక్కువ పనిచేసింది విత్తనం వేయడం. జినియాతో మొదలుపెట్టండి, దాన్ని చంపడం కష్టం. అడుగున చిల్లులున్న, ఓ జానెడు పైన లోతున్న కుండీ, రోజుకి ఆరు గంటల ఎండ, అర సెంటీమీటరు లోతులో విత్తనం. నేల వెచ్చగా ఉంటే వారంలోపే మొలుస్తుంది, రెండు నెలలకి పువ్వు. మొక్క జానెడు ఎత్తు వచ్చాక నడి చివర తుంచేయాలి, మొదటిసారి చెయ్యి రాదు, అంత కష్టపడి పెంచి ఎలా తుంచుతాం అనిపిస్తుంది, కానీ తుంచితేనే పక్కల నుంచి కొమ్మలు వస్తాయి, లేకపోతే ఒంటి కర్రలా లేచి తక్కువ పువ్వులు పూస్తుంది. పూసిన పువ్వు వాడగానే కోసేయండి. మొక్క పని విత్తనం చేయడం, అది కాగానే పూత తగ్గించేస్తుంది, వాడినవి తీసేస్తుంటే ఇంకా పని కాలేదనుకుని మళ్ళీ మొగ్గ తొడుగుతుంది.

ఇప్పుడే ఎందుకు

ఇవన్నీ ఏ కాలంలోనైనా చేయొచ్చు, కానీ మొదలుపెట్టడానికి వసంతం సులువు. భూమికి ఉత్తరాన మార్చి 20 అటూఇటూ, దక్షిణాన సెప్టెంబరు 22, 23 ప్రాంతాల్లో పగలూ రాత్రీ ఇంచుమించు సమానమై, ఆ తర్వాత పగలు పెరుగుతూ పోతుంది. లైటు వేసిన గదిలో వెలుగు మామూలుగా 300 నుంచి 500 లక్సులు (లక్స్ అంటే వెలుగుని కొలిచే కొలమానం) ఉంటుంది, మబ్బు పట్టిన పగలు కూడా బయట దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కళ్ళకి రెండూ ఒకటే అనిపిస్తుంది కానీ నిద్ర, మెలకువ లెక్క చూసుకునే లోపలి గడియారానికి ఆ తేడా బాగా తెలుసు.

2005లో వచ్చిన ఒక పరిశోధనలో నాకు నచ్చిన సంగతి ఉంది. వసంతంలో వాతావరణం బాగుంటే మనసు బాగుంటుంది, నిజమే, కానీ బయట గడిపినవాళ్ళకే. అరగంటకి మించి బయట ఉన్నవాళ్ళకి మూడ్ మెరుగైతే, నాలుగు గోడల మధ్య ఉండిపోయినవాళ్ళకి అంత మంచి రోజు కూడా కలిసి రాలేదు, పైగా తగ్గింది. కిటికీలోంచి వసంతాన్ని చూస్తూ పని చేసుకోవడం ఎందుకంత దిగులుగా ఉంటుందో అప్పుడు అర్థమైంది.

కాబట్టి అరగంట. ఫోన్‌లో అడుగులు లెక్కపెట్టడం కోసం కాదు. ఒకే దారిలో వెళ్ళండి, ఒకే చెట్టు దగ్గర ఆగండి, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ఒక్కటి చూసి రండి. చిగురు ఎరుపు నుంచి లేత ఆకుపచ్చకి తిరిగే రెండు మూడు రోజులుంటాయి, అవి తప్పిపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. తుమ్ములు వచ్చేవాళ్ళు పువ్వుల మీద కోప్పడకండి, కళ్ళకి కనిపించే రంగురంగుల పువ్వుల పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి తేనెటీగల కాళ్ళకి అంటుకుపోతుంది. గాలిలో ఎగిరి ముక్కులోకి వచ్చేది ఎక్కువగా గడ్డిదీ, పువ్వు ఉందని కూడా తెలియని చెట్లదీ.

వసంతం అందరికీ పడదన్నది కూడా చెప్పాలి. లోకమంతా పూస్తుంటే మనం మాత్రం ఎండు కట్టెలా ఉన్నామనిపించడం చాలా బాధ, చలికాలంలో ఆ బాధకి కనీసం తోడుంటుంది. రెండు వారాలు దాటి ఏదీ సంతోషం ఇవ్వకపోతే, నిద్రా ఆకలీ తప్పితే, నేనెందుకూ పనికిరాను అన్న మాట తిరుగుతూనే ఉంటే డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. పువ్వుతోనూ డ్రెస్‌తోనూ తీరేది కాదది, తీరకపోవడం మీ తప్పూ కాదు.

నా ఆకుపచ్చ డ్రెస్ సంగతికి వస్తే, కొత్త ఎలాస్టిక్ వేయించాను, పక్కలు విప్పించాను, మిగిలిన ముక్కతో ఒక జేబు కూడా పెట్టించాను. ఒక మంగళవారం వేసుకుని బయటికి వెళ్తుంటే పక్కింటావిడ గేటు దగ్గర ఆపి, పైనుంచి కిందికి చూసి, "ఏంటండీ ఇవాళ స్పెషల్?" అంది.

"ఏం లేదండీ, మంగళవారం" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, తన దగ్గర కూడా ఒక నీలం రంగుది ఉందని, రెండేళ్ళ నుంచి కవర్లోనే ఉందని చెప్పింది.